రౌతు మెత్తనైతే...

(మహిళా కార్యకర్తల రెండు రోజుల సదస్సులో ‘క్రీడలు - జెండర్’ అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



క్రీడలు, జెండర్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. కబడ్డీ గురించో పరుగు పందేల గురించో చెప్తానని మీరు అనుకుని ఉంటారు. నేను గుర్రపు స్వారీ గురించి చెప్పబోతున్నాను. కూలి రేట్ల గురించీ గృహహింస గురించీ పొద్దుటి నుంచీ మాట్లాడుకుంటున్న మనకు ఈ డబ్బున్నవాళ్ళ ఆట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. చివర్లో ఆ ప్రశ్న దగ్గరికే వస్తాను.

గుర్రం మీద మనకు రెండు సామెతలున్నాయి. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది’ అన్నది ఒకటి. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నది రెండోది. మొదటిది మనమంతా వింటూ పెరిగిందే. పెళ్ళాన్ని ‘అదుపులో’ పెట్టుకోని మొగుడి గురించీ, కూలీలతో మంచిగా ఉండే మేస్త్రీ గురించీ, ఆఫీసులో గొంతు పెంచని ఆడ అధికారి గురించీ అంటుంటారు. రెండోది అంతగా వినపడదు. ఈ రెండు సామెతల మధ్య ఉన్న తగువే ఇవాళ నేను చెప్పదల్చుకున్న విషయం.

పరిశోధన చేస్తున్న రోజుల్లో కొన్నాళ్ళు ఇంగ్లండులో ఉన్నాను. ఒక ఆదివారం మా ఇంటావిడ, దగ్గరి పల్లెలో గుర్రాల పోటీ ఉందనీ, జడ్జి పక్కన కూచుని మార్కులు రాసే మనిషి రాలేదనీ చెప్పి నన్ను తీసుకెళ్ళింది. పొలం మధ్యలో ఒక కారు. కారులో జడ్జిగారు, పక్కన కాగితాలతో నేను. ఎదురుగా పొట్టి తెల్ల పలకలు పాతి గుర్తు పెట్టిన పచ్చిక మైదానం, 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. జడ్జి కారు హారన్ మోగిస్తే ఒక్కో గుర్రం లోపలికి వస్తుంది. ఆమె ఒక అంకె, ఒక మాట చెప్తుంది. నేను రాస్తాను. సాయంత్రం దాకా ఇదే పని.

నాకు మొదట తెలిసిందేమిటంటే, అక్కడ మగవాళ్ళకొక పోటీ, ఆడవాళ్ళకొక పోటీ అని లేవు. ఒకే మైదానం, ఒకే మార్కుల కాగితం. ఒలింపిక్స్‌లోనూ అంతే. ఒలింపిక్స్‌లో స్త్రీ పురుషులు నేరుగా ఒకరితో ఒకరు తలపడే ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. గుర్రపు స్వారీ వాటిలో ఒకటి.

ఆ రోజు జరిగిన పోటీ పేరు ఈవెంటింగ్. ఒకే గుర్రం, ఒకే రౌతు మూడు పరీక్షలకు కూచోవడం లాంటిది. మొదటిది డ్రెసాజ్. చదును నేల మీద నడక, దుడుకు నడక, చిన్న పరుగు, వలయాలు తిరగడం, కదలకుండా నిలబడడం. రెండోది క్రాస్ కంట్రీ. మొద్దులూ కందకాలూ నీటి గుంటలూ దూకుతూ పొలాల వెంట పరిగెత్తడం. మూడోది షో జంపింగ్, తగిలితే పడిపోయే కర్రల మీదుగా దూకడం. డ్రెసాజ్‌లో ఒక్కో కదలికకు 0 నుంచి 10 దాకా మార్కులు. వచ్చిన శాతాన్ని 100 లోంచి తీసేస్తే మిగిలేవి తప్పులు. 70 శాతం వస్తే 30 తప్పులు నెత్తిన పెట్టుకుని రెండో పరీక్షకు వెళ్ళాలి. క్రాస్ కంట్రీలో ఒక అడ్డంకి దగ్గర గుర్రం మొరాయిస్తే 20, షో జంపింగ్‌లో ఒక కర్ర పడితే 4 కలుస్తాయి. చివరికి ఎవరి లెక్క తక్కువైతే వాళ్ళదే గెలుపు.

చిక్కంతా మొదటి పరీక్షలోనే ఉంది. ఈ గుర్రాన్ని నెలల తరబడి పరుగుకు తయారు చేస్తారు. ఒంట్లో దమ్ము, తొందర నిండి ఉంటాయి. దాన్ని తెచ్చి, నెమ్మదిగా నడువు, ఇక్కడ ఆగు అంటారు. పగ్గాలు లాగి పట్టుకుంటే ఆగుతుందా? 500 కిలోల జంతువును 60 కిలోల మనిషి బలంతో ఆపలేదు. లాగినకొద్దీ అది మెడ బిగిస్తుంది, నోరు తెరుస్తుంది, తోక విసురుతుంది.

అందుకని శిక్షణ మరో దారిలో వెళ్తుంది. జర్మన్ శిక్షకులు దీన్ని 6 మెట్లుగా చెప్తారు. మొదట నడకలో లయ కుదరాలి. తర్వాత ఒంట్లో బిగువు వదలాలి. ఆ తర్వాత రౌతు చేతికీ గుర్రం నోటికీ మధ్య నమ్మకమైన సంబంధం ఏర్పడాలి. అప్పుడు ముందుకు సాగే ఊపు, వంకర లేని ఒళ్ళు. అన్నిటికన్నా చివర, బరువు వెనక కాళ్ళ మీదికి తీసుకుని ఒళ్ళు కూడగట్టుకోవడం. చూసేవాళ్ళకు అందంగా కనపడేది ఈ ఆరో మెట్టే. కింది మెట్లు వదిలేసి పగ్గాలతో మెడ వంచి ఆ అందాన్ని తేవాలనుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

రోజూ చేయించే పాఠం ఒకటుంది. దాన్ని హాఫ్ హాల్ట్ అంటారు, అంటే సగం ఆపడం. రౌతు ఒక్క క్షణం నడుము నిలిపి, కాళ్ళు దగ్గరకు తెచ్చి, వేళ్ళు మూసి, వెంటనే వదులుతుంది. గుర్రం జవాబిచ్చిన మరుక్షణం ఒత్తిడి తీసెయ్యాలి. ఆ తీసెయ్యడమే దానికి అర్థమయ్యే భాష. ఒత్తిడి వదలని రౌతు మాట గుర్రం కొన్నాళ్ళకు వినడం మానేస్తుంది. వేగంగా వస్తున్న గుర్రాన్ని కందకం ముందు కుదురుగా చేసేదీ ఈ పాఠమే. అక్కడ అది కుదరకపోతే గుర్రం పల్టీ కొడుతుంది, రౌతు దాని కింద పడుతుంది. డ్రెసాజ్ అలంకారం కాదని ఈవెంటింగ్ రౌతులు చెప్పేది ఇందుకే.

ఆ ఆదివారం పదహారేళ్ళ పిల్ల ఒకతె వచ్చింది. భయపడి పగ్గాలు బిగించింది, గుర్రం తల ఎగరేసింది. 4, మళ్ళీ 4. జడ్జి చెప్పగా నేను రాసిన మాట: ‘చెయ్యి ఇంకా మెత్తబడాలి.’ ఆ తర్వాత వచ్చిన ఆరడుగుల పెద్దమనిషి కాగితం మీదా అదే మాట రాశాను. ఆ రోజు నేను అందరికన్నా ఎక్కువసార్లు రాసిన మాట అదే. మన సామెత నాకప్పుడు గుర్తొచ్చింది. రౌతు మెత్తనైతే గుర్రం చెడుతుందని మనం చెప్పుకుంటుంటే, ఆ విద్య తెలిసినవాళ్ళు మెత్తగా లేనందుకు మార్కులు కోస్తున్నారు.

మరి బలంతో పనిలేని ఈ విద్యలోంచి ఆడవాళ్ళను ఎందుకు బయట పెట్టారు? ఈవెంటింగ్ సైన్యంలో పుట్టింది. గుర్రపు దళాల అధికారుల పరీక్షగా మొదలై 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్‌లోకి వచ్చింది. చాలాకాలం ఒలింపిక్స్ స్వారీ కమిషన్డ్ అధికారులకే పరిమితం. 1948లో డ్రెసాజ్ జట్టు బంగారు పతకం గెలిచిన స్వీడన్ నుంచి, జట్టులో ఒకరు నిజమైన అధికారి కాడని తర్వాత పతకం వెనక్కి తీసుకున్నారు. జెండర్, వర్గం ఒకే గేటు దగ్గర కాపలా కాశాయన్నమాట.

1952లో డ్రెసాజ్‌లోకి మాత్రం స్త్రీలను రానిచ్చారు. డెన్మార్క్ నుంచి లిస్ హార్టెల్ వచ్చింది. పోలియో వల్ల ఆమెకు మోకాళ్ళ కింద కాళ్ళు పనిచెయ్యవు. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ మనుషులు కావాలి. ఆమె జూబిలీ అనే గుర్రం మీద, మగ అధికారులతో పోటీపడి వెండి పతకం తీసుకుంది, 1956లో మళ్ళీ తీసుకుంది. స్వారీకి కాళ్ళ బలం కావాలన్న వాదనకు ఇంతకంటే జవాబు ఏముంటుంది?

అయినా ఈవెంటింగ్ తలుపు తెరవలేదు. ప్రమాదకరం, స్త్రీల శరీరాలు తట్టుకోలేవు అన్నారు. ఇంగ్లండులో బాడ్మింటన్ అనే చోట జరిగే పెద్ద ఈవెంటింగ్ పోటీలో 1954లో మార్గరెట్ హఫ్ గెలిచింది. 1957, 58, 59లలో వరసగా షీలా విల్‌కాక్స్ గెలిచింది. మూడేళ్ళు మగవాళ్ళందర్నీ ఓడించిన మనిషికి 1960 ఒలింపిక్స్‌లో చోటు లేదు! రక్షణ పేరుతో తలుపు మూయడం మనకు తెలియనిదేం కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ రాత్రి షిఫ్టుల నుంచి ఆడవాళ్ళను తప్పించింది కూడా రక్షణ పేరుతోనే.

1964లో నిషేధం పోయింది. అమెరికా నుంచి లానా డ్యుపాంట్ ఒక్కతే స్త్రీ. క్రాస్ కంట్రీలో పడింది, లేచింది, పూర్తి చేసింది, జట్టుతో వెండి పతకం తీసుకుంది. 1968లో బ్రిటన్ జట్టు బంగారు పతకంలో జేన్ బులెన్ అనే నర్సు భాగం పంచుకుంది. వ్యక్తిగత బంగారు పతకం ఒక స్త్రీకి, జర్మనీకి చెందిన యూలియా క్రయేవ్‌స్కీకి, దక్కింది మాత్రం 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో. తలుపు తెరిచిన 57 ఏళ్ళకు.

మన దేశంలోనూ ఈ ఆటకు సైన్యమే తల్లి. 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఈవెంటింగ్ బంగారు పతకం గెలిచిన రఘుబీర్ సింగ్ 61వ కావల్రీ మనిషి. వైద్య, నర్సింగ్ విభాగాలు కాక మిగతా సైన్యంలోకి స్త్రీలను అధికారులుగా తీసుకోవడం మొదలైందే 1992లో. నేషనల్ డిఫెన్స్ అకాడమీలోకి ఆడపిల్లలు 2022లో అడుగుపెట్టారు, అదీ సుప్రీంకోర్టు 2021లో ఆదేశించాక. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణలో ఉన్న అమ్మాయిలు అబ్బాయిలతో పాటు గుర్రం ఎక్కుతున్నారంటే, అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఆ ఉద్యోగం తలుపు ముందు తెరుచుకోబట్టే.

2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెసాజ్ జట్టు బంగారు పతకం గెలిచింది. నలుగురిలో ఇద్దరు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, ఆడపిల్లలు. సంతోషించాల్సిందే. వాళ్ళు యూరప్‌లో ఉండి శిక్షణ తీసుకున్నవాళ్ళు. ఆ ఖర్చు భరించగల కుటుంబాలు ఎన్ని? యూనిఫాం కాపలా కాసిన గేటు దగ్గర ఇప్పుడు డబ్బు నిలబడింది. ఇంగ్లండులోనూ తెల్లారుజామున లేచి లద్దె ఎత్తి, గుర్రాలను తోమి, లారీలోకి ఎక్కించేది ఎక్కువగా చిన్న జీతాల ఆడపిల్లలే అని నేను చూశాను. మార్కులు రాసిన నాకిచ్చింది ఒక శాండ్‌విచ్.

ఇంకో సంగతి చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. ఆడవాళ్ళు లోపలికొస్తే మెత్తదనం దానంతటదే రాదు. 2024 జులైలో, ఒలింపిక్స్ బంగారు పతకాలు గెలిచిన బ్రిటిష్ డ్రెసాజ్ రౌతు షార్లెట్ డుజార్డిన్, శిక్షణలో గుర్రం కాళ్ళ మీద పదేపదే కొరడాతో కొట్టిన వీడియో బయటికి రావడంతో పారిస్ పోటీల నుంచి తప్పుకుంది. అంతర్జాతీయ సమాఖ్య ఏడాది నిషేధం వేసింది. ఇంకొన్ని చోట్ల గుర్రం నోరు తెరవకుండా ముక్కు మీది పట్టీ బిగించి కట్టేస్తారు. నోరు తెరిస్తే మార్కులు పోతాయి కదా. ఆ పట్టీ కింద సందు ఎంతుందో కొలిచే పరికరాన్ని సమాఖ్య 2025లో తెచ్చింది. నోరు కట్టేస్తే వచ్చే నిశ్శబ్దం చూసేవాళ్ళకు విధేయతలాగే కనపడుతుంది. ఈ సంగతి ఈ గదిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా అమ్మమ్మ ఊళ్ళో జట్కాబండి అతను చెర్నాకోల కర్రను చక్రం ఆకులకు ఆనించి టకటకలాడించేవాడు. ఆ చప్పుడుకే గుర్రం పరిగెత్తేది. కొట్టకుండానే తోలుతున్నాడని చిన్నప్పుడు మెచ్చుకునేదాన్ని. ముందెప్పుడో దెబ్బ తగిలి ఉంటేనే ఆ చప్పుడుకు అర్థం ఉంటుందని కౌన్సెలింగ్ కేంద్రంలో పనిచేశాక గాని నాకు తట్టలేదు. ‘మా ఆయన కొట్టడండీ, చూస్తే చాలు’ అని చెప్పిన స్త్రీలు నాకా సంగతి నేర్పారు.

ఇక మొదటి ప్రశ్న. ఈ ఆట మనకెందుకు? గట్టిగా ఉండడమంటే కఠినంగా ఉండడమే అన్న నమ్మకం ఆడవాళ్ళను చాలా గేట్ల బయట నిలబెట్టింది. గుర్రాల దగ్గర ఆ నమ్మకం అబద్ధమని తేలి డెబ్భై ఏళ్ళు దాటింది. అయినా లోపలికి వెళ్ళిన స్త్రీలు కూడా అదే కొరడా అందుకునే ప్రమాదం పోలేదు. మన సర్పంచులను ‘మెత్తన’ అని ఎగతాళి చేసినప్పుడు మనమేం చేస్తున్నాం? వాళ్ళకు గద్దించడం నేర్పుతున్నామా? మన సంస్థల్లో ఊళ్ళు తిరిగే కార్యకర్త మీద టార్గెట్ల ఒత్తిడి పెడతాం. ఆమె పని చేశాక ఆ ఒత్తిడి ఎప్పుడైనా తీస్తున్నామా? ఆమె మీటింగులో నోరు విప్పకపోతే ఒప్పుకుందనే రాసుకుంటున్నామా?

నేను ఎక్కువ సమయం తీసుకున్నాను. చర్చ ఈ ప్రశ్నలతోనే మొదలుపెడదాం. ముందు కార్యకర్తలు మాట్లాడండి. డైరెక్టర్లం, రిసెర్చర్లం తర్వాత మాట్లాడతాం.