జనము లేని వేళ సముద్రము



మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారు సముద్రమును జూడబోవు కాలములు రెండు. కార్తికమున పుణ్యస్నానమునకై పోవుదురు. వేసవిని చల్లగాలికై పోవుదురు. కార్తికపౌర్ణమినాడు బాపట్ల చెంతనున్న సూర్యలంక తీరమున ఇసుక కానరాదు, తలలే కానవచ్చును. పౌర్ణమి గడచి మార్గశిరము ప్రవేశించునప్పటికి ఆ తీరము పలుచబడును. పుష్యమాసమున, సెలవులు కాని దినములలో, మైళ్లకొలది ఇసుక ఒంటరిగా పడియుండును. బసలవారికిని చిల్లర వర్తకులకును అది బేరములేని కాలము. వారు దీనిని అదను తప్పిన కాలమందురు. నేనీ పూట మనవి చేయదలచినది యేమనగా, పెద్దలైనవారు సముద్రమును చూడవలసిన అదను ఇదియే. కార్తికమున మనము చూచునది తీర్థము. వేసవిని చూచునది విహారస్థలము. ఈ చలికాలమున చూచునది సముద్రము.

అదను అనునది ఎవరి అదనని ముందుగా విచారింపవలెను. తూర్పుతీరమున ఏప్రిల్ 15వ తేది మొదలు జూన్ 14వ తేది వరకు, 61 దినములు, యంత్రపు పడవలతో సముద్రమున చేపలు పట్టుట నిషిద్ధము. మత్స్యములు సంతానమును వృద్ధిచేసికొను కాలమని ప్రభుత్వమువారు ఈ కట్టుబాటు చేసియున్నారు. కనుక మనము వేసవిని చల్లగాలికి పోయినప్పుడు మనకు కనబడు యంత్రపు పడవలు పనిలేక ఒడ్డున నిలిచిన పడవలు. వాటి యజమానులు గడ్డురోజులు గడుపుచున్నవారు. మనకు పండుగయైన కాలము వారికి పస్తుల కాలము; మనము అదను కాదన్న కాలము వారికి పనిపాటల కాలము. మన పొలములందును అంతే. మార్గశిర పుష్యములందు కోతలు, కుప్పలు, నూర్పిళ్లు సాగుచుండును. గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టవలెనని మనవారి సామెత. ఆ సామెత నేలమీదివారికి వలెనే నీటిమీదివారికిని వర్తించును. అయితే నూర్పిళ్ల భారము కొడుకుల భుజములమీద నున్నది కనుక, ఇంటి పెద్దలకు రెండుదినముల తీరిక చిక్కుట కష్టము గాదు.

దారి మీరెరిగినదే. తెనాలి కూడలినుండి ఒక రైలుమార్గము నిడుబ్రోలు మీదుగా బాపట్లకు పోవును. వేరొకటి రేపల్లెకు పోయి అచ్చటనే ముగియును. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విభజింపబడినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచినది. బాపట్ల, రేపల్లెలు బాపట్ల పేర నేర్పడిన క్రొత్త జిల్లాలో చేరినవి. రెండు దారులును ఒకే సముద్రమునకు చేర్చును గాని, చూపు ముఖములు వేరు. బాపట్లవైపున సముద్రము ఇసుకతో మాటలాడును. రేపల్లెవైపున బురదతో మాటలాడును. రెండును చూచినవానికిగాని మన తీరము సంగతి తెలియదు.

మొదట బాపట్లకు పోవుదము. భావనారాయణస్వామి వెలసిన ఈ పట్టణమునుండి సూర్యలంక సుమారు 9 కిలోమీటర్లు. ఆ కొద్దిదూరములోనే నల్లరేగడి మారి ఇసుకనేల వచ్చును; వరిచేలు తగ్గి వేరుసెనగ, జీడిమామిడి, తాడి, సరుగుడు కానవచ్చును. తెల్లవారుజామున తీరము చేరుడు. చలికి కంబళి కప్పుకొనవలసియుండును. నీటిలో పాదము పెట్టినచో నీరు గోరువెచ్చగా తోచును. ఇసుక రాత్రివేళ త్వరగా చల్లారును, నీరు మెల్లగా చల్లారును. ఈ కారణముననే వేకువను గాలి నేలనుండి సముద్రమువైపునకు వీచును. తెరచాప పడవల కాలమున పల్లెకారులు ఆ గాలితో లోనికి పోయి, మధ్యాహ్నము సముద్రమునుండి వీచు గాలితో మరలి వచ్చుచుండిరి.

మీ అదృష్టము బాగున్నచో అలివి వల లాగుట చూడగలరు. వల యొక్క ఒక కొసను ఒడ్డున కొందరు పట్టుకొనియుందురు. పడవ వలను వదలుచు అర్ధచంద్రాకారముగా లోనికి పోయి, రెండవకొసను కొంతదూరమున ఒడ్డునకు తెచ్చును. అంతట రెండు జట్లవారును త్రాళ్లు పట్టి, ఒకరి అడుగు నొకరు చూచుకొనుచు వెనుకకు నడచుచు లాగుదురు. ఒక జట్టు తొందరపడినను, ఒక జట్టు అలసించినను చేప తప్పించుకొనును. ఉమ్మడి కుటుంబములు నడపిన పెద్దలకు ఇందలి నీతి వేరుగా చెప్పనక్కరలేదు. వల ఒడ్డుచేరిన పిమ్మట మీరు బేరమాడకుండ కొంత చేప కొన్నచో, లేక ఒడ్డున ఒంటరిగా నిలిచిన టీ బండివానివద్ద ఒక గ్లాసు టీ త్రాగినచో, ఆ కాలమున అది వేసవిలోని పది గ్లాసులతో సమానము.

జనవరి మొదలు మార్చి వరకు ఈ తీరమునకు మరియొక అతిథి వచ్చును. ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక రెక్కలతో అడుగున్నర లోతు గుంట త్రవ్వి, నూరుకు పైబడిన గ్రుడ్లుపెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక సముద్రము చేరును. ఇసుక వేడిమికే ఆ గ్రుడ్లు 45 మొదలు 60 దినములలో పొదుగబడును. పిల్లలు రాత్రి వెడలి, వెలుతురు ఎక్కువగానున్న వైపునకు పరుగిడును. పూర్వము ఆ వెలుతురు సముద్రముమీది ఆకాశమే. నేడు ఒడ్డున విద్యుద్దీపములు వెలుగుచుండుటచే అవి దారితప్పి నేలవైపునకు వచ్చి కుక్కలపాలగుచున్నవి. అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి, కంచెలలో కాపాడి, పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. జనము లేని తీరము ఈ జీవికి ప్రసూతిగృహము. రాత్రి తీరమున దీపములు వెలిగింపకుండుట, గోలచేయకుండుట మనము దానికి చేయదగిన కనీస మర్యాద.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయము ఇసుకలోని మంచినీటిని గూర్చినది. ఈ ఇసుక పర్రలలో దొరువులు గలవు. పల్లముగా, వెడల్పుగా త్రవ్విన గుంటలవి. సముద్రము కూతవేటు దూరముననున్నను వానిలోని నీరు తియ్యగా నుండును. కారణమేమన, మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. 40 బిందెల మంచినీటి బరువును 39 బిందెల సముద్రపునీటి బరువును ఇంచుమించు సమానములు. ఇసుకలో ఇంకిన వాననీరు, లోపలనున్న ఉప్పునీటిపై, పాలమీద మీగడవలె తేలుచుండును. మీగడను పైపైన తీయవలెనేగాని గరిటె లోతుగా దింపరాదు. లెక్కప్రకారము మంచినీటి మట్టము ఒక అడుగు తగ్గినచో, అడుగుననున్న ఉప్పునీరు క్రమముగా సుమారు 40 అడుగులు పైకి లేవగలదు. ఈ లెక్క నేర్వకయే మన పూర్వులు దొరువును లోతుగా త్రవ్వక వెడల్పుగా త్రవ్విరి. 1945లో నెలకొల్పబడిన బాపట్ల వ్యవసాయ కళాశాలకు చెందిన పరిశోధకులు ఈ పద్ధతినే మెరుగుపరచి, రంధ్రములుగల గొట్టములను ఇసుకలో అడ్డముగా పరచి, పైపొరలోని తీయని నీటిని మాత్రము ఒక బావిలోనికి చేర్చు ఉపాయము రైతులకు చూపిరి.

ఈ నీటికి గాదెలు ఇసుకదిబ్బలే. వానను పీల్చి దాచునవి అవియే. తుపానునాడు కెరటమునకు అడ్డునిలుచునవియు అవియే. విహారస్థలము పెరుగుకొలది దిబ్బలను చదునుచేయవలెనను కోరిక పుట్టును. బసలు పెరుగుకొలది లోతైన గొట్టపుబావులు దింపవలెనను కోరిక పుట్టును. అతిథులు రావలసినదే, పల్లెకారుల పిల్లలకు జీవనోపాధి కలుగవలసినదే. కాని ఒక దిబ్బ చదునైనచో దానితోపాటు ఒక గాదె పోవును, ఒక గోడ పోవును. వేసవి సందడిలో ఈ సంగతి ఎవనికిని కనబడదు. చలికాలమున ఖాళీతీరముపై నడచువానికి ప్రతి దిబ్బయు, దిబ్బ లేని ప్రతి చోటును స్పష్టముగా కానవచ్చును. గ్రామసభలలో మాట చెల్లు పెద్దలు దీనిని కన్నులార చూచి రావలెనని నా ప్రార్థన.

మరునాడు రేపల్లె మార్గము పట్టుడు. రైలు ముగిసినచోటనుండి దక్షిణముగా పోయినచో నిజాంపట్నము. నేడు చేపల పడవల రేవైన ఈ ఊరు ఒకప్పుడు పెద్దపల్లియను పేర ఖండాంతరములకు తెలిసినది. 1606లో డచ్చివారు ఇచ్చట వర్తకశాల నేర్పరచిరి. 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ అను ఓడ ఇచ్చటికి వచ్చెను. ఇచ్చట సూర్యలంకలోవలె విశాలమైన ఇసుక లేదు. కృష్ణవేణి తెచ్చిన ఒండ్రు బురదయై, బురదలో మడ అడవులు పెరిగి, వాగులు వాటి నడుమ మెలికలు తిరుగుచుండును. అందము చాలదని విహారులు ఈ వైపునకు అంతగా రారు. కాని మడచెట్ల వ్రేళ్లనడుమనే రొయ్యపిల్లయు చేపపిల్లయు పెరుగును. ఆ వ్రేళ్లే కెరటము బలమును విరుచును.

ఆ కెరటమెట్టిదో మీలో పలువురెరుగుదురు. 1977 నవంబరు 19వ తేది సాయంకాలము తుపాను చీరాల సమీపమున తీరము దాటెను. మన గోళార్ధమున తుపానుగాలి అపసవ్యముగా తిరుగును. అందుచే తుపాను నడచు దారికి కుడిచేతివైపున గాలి సముద్రమును నేలపైకి నెట్టును. చీరాలకు కుడిచేతివైపున నున్నవి బాపట్ల, రేపల్లె, కృష్ణకు ఆవలి దివిసీమ. 15 అడుగులకు మించిన ఉప్పెన లేచి, నేలపై మైళ్లకొలది పారి, దివిసీమలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టెను. అధికారుల లెక్కప్రకారమే సుమారు పదివేలమంది మరణించిరి. నాడు పదియేండ్ల బాలుడైనవాడు నేడు అరువదికి చేరువయైనాడు. 2023 డిసెంబరు 5వ తేదిని మిచాంగ్ తుపాను బాపట్లచెంతనే తీరము దాటెను. వరి నీటిపాలై రైతు కుమిలిపోయెను. కాని ముందుగా హెచ్చరిక అందుటచేతను, జనులను తరలించుటచేతను ప్రాణనష్టము మునుపటితో పోల్చదగినది కాకపోయెను. హెచ్చరిక ప్రాణము నిలుపును. హెచ్చరికను నమ్మించునది మాత్రము పెద్దల జ్ఞాపకము. ఉప్పెన చూడని మనుమడు, ఎన్నిమారులు రేడియో చెప్పినను, మన ఊరిదాక రాదులే యనును. తాత వానిని ఒడ్డున నిలిపి, నీరు ఇంత ఎత్తు వచ్చినదని చేయి చూపినచో నమ్మును. సందడిలేని తీరమున ఆ మాట చెవికెక్కును, తిరునాళ్లలో ఎక్కదు.

పోవువారు కొన్ని జాగ్రత్తలు వహింపవలెను. జనము తక్కువైనప్పుడు కాచుకొను గజ ఈతగాండ్రును తక్కువగనే యుందురు. మోకాటిలోతు దాటి దిగకుడు. కెరటములు విరుగనిచోట, నీరు ప్రశాంతముగా కనబడుచోట, లోనికి లాగు ప్రవాహముండుట కలదు. అందు చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీదక, ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, లాగుడు తప్పిన పిమ్మట ఒడ్డు చేరవలెను. వాతావరణశాఖవారి హెచ్చరికయున్న దినమున ప్రయాణమే మానవలెను. 2004 డిసెంబరు 26వ తేది, పౌర్ణమి ఆదివారమునాడు వచ్చిన సునామీ గాలివలన పుట్టినది కాదు. సుమత్రా దీవిచెంత కలిగిన భూకంపమువలన పుట్టినది. సముద్రము అకస్మాత్తుగా వెనుకకు తీసినచో వింతయని చూచుచు నిలువక, ఎత్తైన చోటికి పరుగెత్తవలెను. పిల్లలకు ఈ రెండు మాటలును ఇసుకపై నిలిపియే నేర్పుడు.

పూర్వులు సముద్రస్నానమునకు పర్వము విధించిరి, ఊరక తాకరాదనిరి. సముద్రమునెడ భయభక్తులు తప్పరాదనుటయే దాని భావమని నేను తలంచుచున్నాను. భక్తి కార్తికమున చూపుచున్నాము. భయమును, పరిచయమును సంపాదించుటకు ఈ చలిదినములు తగినవి. కుప్పలు నూర్చిన పిమ్మట, సంక్రాంతికి పిల్లలు ఇండ్లకు చేరినప్పుడు, పండుగ సందడి ముగిసిన ఒక వేకువను వారిని వెంటబెట్టుకొని పొండు. ఒక దొరువు చూపుడు, ఒక ఇసుకదిబ్బ చూపుడు, ఒక మడచెట్టు చూపుడు. తీరమును కాపాడుట వారి తరములో జరుగవలసిన పని. ఏది కాపాడవలెనో చెప్పుట మన తరములో జరుగవలసిన పని.