ఇల్లు తాకట్టు పెట్టి కార్డు అప్పు తీర్చవచ్చునా?
(దేవరాపల్లి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రెడిట్ కార్డుల గురించి దేవరాపల్లిలో మాట్లాడడమేమిటని కొందరు అడిగారు. కార్డు ఉండేది అనకాపల్లికో విశాఖపట్నానికో ఉద్యోగానికి వెళ్లే కుర్రవాని జేబులోనే. కాని అప్పు ముదిరాక బీరువాలో నుండి బయటికి వచ్చే దస్తావేజు ఇక్కడి ఇంటిది. అందుకే ఇక్కడ మాట్లాడుతున్నాం.

వడ్డీ హరామ్ అని మనకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. అయితే ఊబిలో దిగినవానికి ఆ మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే అతడు ఏజెంటు మాటే వింటాడు. కనుక లెక్క చూద్దాం.

కార్డు బాకీపై నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి 42 శాతం. ఈ వడ్డీ 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. ఇటువంటి స్థితిలో ఇంటిపై 12 శాతానికి అప్పు దొరుకుతుందంటే ఆశ పుట్టడం సహజమే. రెండు లక్షలు అలా తెచ్చి, నెలకు సుమారు 6,650 చొప్పున మూడేళ్లలో తీరిస్తే వడ్డీ 39 వేలు. కాని ఏజెంటు చూపేది పదిహేనేళ్ల కిస్తీ: నెలకు 2,400 మాత్రమే! 180 నెలలకు అది 4 లక్షల 32 వేలవుతుంది.

అంతకన్నా పెద్ద మార్పు చట్టంలో ఉంది. కార్డు అప్పుకు హామీ ఆస్తి లేదు. బ్యాంకు కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకోవాలి. ఇల్లు తనఖా పెడితే 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తిస్తుంది. బాకీ మొండిపడితే 60 రోజుల నోటీసు, తరువాత డిక్రీ లేకుండానే స్వాధీనం. ఆ చర్యపై 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. సాగుభూమికి ఈ చట్టం నుండి మినహాయింపు ఉంది, ఇంటికి లేదు. ఇంటిపై గృహరుణం ముందే ఉంటే ఇది రెండో తనఖా. వేలంలో మొదటి బ్యాంకు తరువాతనే రెండోవారి వంతు గనుక వారు వడ్డీ ఎక్కువే అడుగుతారు.

ఇక మన కుటుంబాల సంగతి. తండ్రి పోయినా ఇల్లు ఆయన పేరనే ఉంటుంది, వాటాలు తేలవు. బ్యాంకు హక్కుపత్రాలు అడిగినప్పుడే అక్కచెల్లెళ్లు గుర్తుకొస్తారు. హక్కు విడుదల పత్రంపై సంతకం పెట్టమంటారు. తమ్ముని కార్డు బాకీకి అక్క తన వాటా ఎందుకు వదులుకోవాలి? షరీఅత్ ప్రకారం మరణించినవారి అప్పులు తీరాకే వాటాలు. అయితే ఆ అప్పు అతడు విడిచిన ఆస్తి మేరకే; వారసుల సొంత సొమ్మును అంటదు. తనఖా పెట్టిన ఇంటిలో మాత్రం అప్పు వాటాలన్నింటికంటే ముందు ఇంటినే పట్టుకుని కూర్చుంటుంది. మహర్‌గా వ్రాసిచ్చిన ఇల్లు భార్యదే. ఆమె సంతకాన్ని లాంఛనంగా తీసుకోవడం మాకు సమ్మతం కాదు.

ముందుగా కార్డు వాడకం ఆపి, కిస్తీలుగా మార్చమనో, ఏకమొత్తపు పరిష్కారానికి ఒప్పుకోమనో బ్యాంకుకు వ్రాతపూర్వకంగా అడగండి. పరిష్కారం చేసుకుంటే సిబిల్ నివేదికలో మచ్చ పడుతుంది. ఇల్లు పోవడం కంటే అది చిన్నదే. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వ్రాయవచ్చు, సమాచారానికి 14448.

అన్నీ చూశాక కూడా తనఖాయే దిక్కయితే, మూడేళ్లకు మించని గడువు, కార్డు రద్దయినట్లు కాగితం, ఇంటిలో వాటా ఉన్నవారందరి ఎదుట చదివిన ఒప్పందం లేకుండా సంతకం పెట్టవద్దని మా మనవి. కాగితాలు వెంట తెచ్చినవారు సభ ముగిశాక ఉండండి, కలిసి చదువుదాం.