ఆరువందల మైళ్ళ ఆదివారం



ఈవేళ నేను చెప్పబోయే సంగతి వింటే మీలో కొందరు, "ఈవిడకి ఈ వయసులో ఇదేం సరదా!" అని ముక్కుమీద వేలేసుకుంటారు. నేను మాట్లాడబోయేది పచ్చళ్ళ గురించీ కాదు, పసిపిల్లల పెంపకం గురించీ కాదు. కార్ల పందెం గురించి. మొదట్లో నేనూ మీలాగే ముక్కుమీద వేలేసుకున్నదాన్నే. తీరా చూశాక, ఇదిగో, మీ ముందుకొచ్చి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

2024 మే నెలలో నేను మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, షార్లట్ నగరం. మన తెలుగువాళ్ళు అక్కడ బాగానే ఉన్నారు. మే ఆఖరి సోమవారం వాళ్ళు యుద్ధాల్లో చనిపోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. ఆ ముందు ఆదివారం, అంటే ఆ ఏడు 26వ తేదీన, ఊరికి కాస్త దూరంలో ఆరువందల మైళ్ళ కార్ల పందెం. 1960 నుంచీ ఏటా జరుగుతోంది. అల్లుడు టిక్కెట్లు కొనుక్కొచ్చి, "అత్తయ్యగారూ, ఒక్కసారి చూడండి, నచ్చకపోతే మళ్ళీ అడగను" అన్నాడు. సరే, డబ్బాలో పులిహోర పెట్టుకుని బయలుదేరాం.

వీటిని స్టాక్ కార్లంటారు. అంటే దుకాణంలో అమ్మకానికి పెట్టిన మామూలు కారన్నమాట. 1949లో ఈ పందేలు పెద్ద ఎత్తున మొదలైనప్పుడు నిజంగా అలాంటి కార్లతోనే పోటీ పడేవారు. ఇప్పుడు పేరు మాత్రం మిగిలింది. ముందువైపు దీపాల్లా కనిపించేవి దీపాలు కావు, అంటించిన బొమ్మలు! తలుపులు తెరుచుకోవు. డ్రైవరు కిటికీలోంచి దూరి లోపల కూర్చోవాలి. చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం.

దారి గుండ్రంగా, కోలగా ఉంటుంది. ఒక చుట్టు మైలున్నర. అలాంటివి నాలుగువందల చుట్లు. మన లెక్కలో 965 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విశాఖపట్నం వెళ్ళి, మళ్ళీ సగం దూరం వెనక్కి వచ్చినంత! లోపల వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డంత వేడి. పందెం అయ్యేసరికి ఒక్కొక్కరు చెమటతోనే రెండు మూడు కిలోలు తగ్గుతారట. నాలుగు గంటలపాటు ఒక్క క్షణం కళ్ళు పక్కకి తిప్పకూడదు. ఊరికే ఎడమవైపు తిప్పడమేగా అనుకున్న నేను అది విన్నాక నోరు మూసుకున్నాను.

మొదట ఆ చప్పుడికి గుండె దడదడలాడింది. చెవులకి రక్షణగా డబ్బాల్లాంటివి పెట్టుకున్నా, కూర్చున్న బల్ల అదురుతుంటే ఒంట్లోకి తెలుస్తూనే ఉంది. కాసేపటికి అలవాటు పడ్డాను. ప్రతి కారు ముందు అద్దంమీద ఒక పేరు రాసి ఉంది. డ్రైవరు పేరనుకున్నాను. కాదు, యుద్ధంలో చనిపోయిన సైనికుడి పేరట. రెండువందల చుట్లు అయ్యాక కార్లన్నీ వరసగా వచ్చి ఆగిపోయాయి. ఇంజన్లు ఆపేశారు. అంత జనం లేచి నిలబడి మౌనం పాటించారు. అంతసేపు హోరెత్తిన చోట ఆ నిశ్శబ్దం చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. పందేన్ని చూసే నా కన్ను అప్పుడే మారిందనుకోండి.

ఆ తరవాత వాన వచ్చింది. ఈ కార్ల టైర్లకి మన టైర్లకున్నట్టు గాళ్ళుండవు, నున్నగా ఉంటాయి. పైగా మలుపుల్లో దారి ఇరవైనాలుగు డిగ్రీల వాలు. తడిస్తే ఇంకేముంది, ఎర్రజెండా ఊపి ఆపేశారు. అప్పటికి 249 చుట్లయ్యాయి.

ఆ రాత్రి కైల్ లార్సన్ అనే కుర్రవాడి సంగతి చెప్పాలి. అదేరోజు ఇండియానాపోలిస్‌లో అయిదువందల మైళ్ళ పందెం కూడా ఉంది. ఒకేరోజు రెండూ నడపాలని అతని ఆశ. అక్కడ వానవల్ల పందెం గంటల తరబడి ఆలస్యమైంది. అది ముగించుకుని, విమానమెక్కి ఇక్కడికి వచ్చాడు. అంతవరకూ అతని కారు జస్టిన్ ఆల్‌గైయర్ నడిపాడు. లార్సన్ వచ్చేసరికి ఇక్కడా వానే! కారెక్కనేలేదు. దారి ఆరబెట్టడానికి బళ్ళతో గాలి కొట్టించారు గాని, చివరికి అర్ధరాత్రి దగ్గరపడుతుండగా ఆటంతటితో సరి అని, ముందున్న క్రిస్టఫర్ బెల్ గెలిచినట్టు ప్రకటించారు. సగం దాటితే లెక్కకొస్తుందని వాళ్ళ నిబంధన. జనం ఎంత గొణిగారో! నేనూ గొణిగాను. చూశారా, ఒక్క పూటలో ఎంత అభిమానినైపోయానో!

అయితే నాకు ఆ వానలోనే అసలు లాభం దొరికింది. మా పక్కన గొడుగు కింద ఒక ముసలావిడ కూర్చుంది. నేను మా అమ్మాయిచేత, "ఈ పందెంలో ఆడవాళ్ళు లేరా?" అని అడిగించాను. ఆవిడ నవ్వి, "ఎందుకు లేరు, ఇక్కడే జానెట్ గుత్రీ నడుపుతుంటే కళ్ళారా చూశాను" అంది. ఇంటికొచ్చాక అమ్మాయీ నేనూ కూర్చుని ఆ కథంతా వెదికి చదువుకున్నాం.

జానెట్ గుత్రీ 1938లో పుట్టింది. భౌతికశాస్త్రం చదివి, విమానాల సంస్థలో పరిశోధక ఇంజనీరుగా పనిచేసింది. విమానం నడిపేది. పాత జాగ్వార్ కారొకటి కొనుక్కుని, దాని ఇంజను తన చేతులతోనే విప్పి బిగించుకుని పందేలకు వెళ్ళేది. 1976 మే నెలలో ఇండియానాపోలిస్ పందెంలో ప్రవేశానికి ప్రయత్నించింది. ఆమెకిచ్చిన కారుకు చాలినంత వేగం రాలేదు. పేరుమోసిన డ్రైవరు ఎ.జె. ఫాయిట్ తన కారొకటి సాధనకి ఇస్తే, అందులో ఎక్కి కావలసిన వేగం చూపించింది. కాని పోటీకి ఆ కారు దొరకలేదు.

అప్పుడు షార్లట్ మైదానం అధికారి హంపీ వీలర్ ఆమెను ఇక్కడికి పిలిచాడు. ఈ ఊళ్ళోనే బ్యాంకులో పనిచేసే లిండా ఫెరేరీ అనే ఆవిడ కారు సమకూర్చింది. ఆడవాళ్ళకి అంత బలముండదు, ఆరువందల మైళ్ళు తట్టుకోలేరు అన్నవాళ్ళు బోలెడుమంది. 1976 మే 30న జానెట్ ఇరవై ఏడో స్థానంలో మొదలుపెట్టి, ఆరువందల మైళ్ళ పందెం ఆఖరిదాకా నిలిచి, పదిహేనో స్థానంలో ముగించింది. గెలిచింది డేవిడ్ పియర్సన్. తమాషా ఏమిటంటే, ఆమెకు కారు దొరకని ఇండియానాపోలిస్ పందెం అదేరోజు వానకి 255 మైళ్ళ దగ్గరే ఆగిపోయింది!

ఆమే మొదటి ఆడమనిషి అనడం సరికాదు. 1949లో మొట్టమొదటి పందెంలోనే సారా క్రిస్టియన్ అనే ఆవిడ ఉంది. కాని పెద్ద మైదానంలో మగవాళ్ళ సరసన నడిపింది జానెట్. 1977లో ఇండియానాపోలిస్‌లో ప్రవేశం సంపాదించింది. 1978లో అక్కడే, పందేనికి రెండురోజుల ముందు మణికట్టు విరిగినా, ఆ సంగతి బయటపెట్టకుండా నడిపి తొమ్మిదో స్థానంలో నిలిచింది. అంత చేసినా ఆమెను ఆపిందేమిటో తెలుసా? బలం చాలకపోవడం కాదు, డబ్బు చాలకపోవడం. ఖర్చులు భరించే కంపెనీలు ముందుకు రాలేదు. ఆ ఒక్కటి చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

ఎందుకంటారా? 1976లో నాకు పదహారేళ్ళు. తెనాలిలో మా అన్నయ్య సైకిలు తీసుకుని సందు చివరిదాకా తొక్కివచ్చాను. మా బామ్మ చూసి, "పెళ్ళి కావలసిన పిల్ల, పడి కాలో చెయ్యో విరిగితే ఎవరు చేసుకుంటారే?" అని సైకిలుకి తాళం వేయించింది. పాపం, ఆవిడకు నామీద కోపం కాదు, భయం. ఆ భయం నాలోకి దిగిపోయింది. నలభయ్యో ఏట మావారి బలవంతంమీద కారు లైసెన్సు తీసుకున్నాను. తరవాత ఒకసారి గోడకి కొట్టానని, "నువ్వు కంగారుపడతావు, నేను నడుపుతాలే" అన్నారాయన. అంతే, లైసెన్సు బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది. దాని గడువెప్పుడు తీరిందో కూడా నాకు తెలియదు.

మీలో ఎంతమంది బీరువాల్లో అలాంటి కాగితాలున్నాయో ఒక్కసారి ఆలోచించండి. అది కారు లైసెన్సే కానక్కరలేదు. టైపు సర్టిఫికెట్టు కావచ్చు, సంగీతం డిప్లొమా కావచ్చు. మనకి చేతకాదని ఎవరో అన్నదానికంటే, మనమే చేతకాదనుకుని ఎన్నేళ్ళు ఊరుకున్నామో!

ఇంటికి తిరిగొచ్చాక మళ్ళీ నేర్చుకునే బడికి వెళ్ళాను. నాకు నేర్పే అబ్బాయి నా మనవడంత వాడు, "బామ్మగారూ, క్లచ్చు, క్లచ్చు!" అని రోజూ అరిచేవాడు. ఇప్పుడు కూరల మార్కెట్టుకీ, రైల్వే స్టేషనుకీ నేనే నడుపుకుని వెళ్తున్నాను. గంటకి ముప్ఫై కిలోమీటర్లు దాటను. వెనక్కి తీయడం ఇంకా సరిగ్గా రాదు. మావారు పక్కసీట్లో కూర్చుని తలుపు పిడి గట్టిగా పట్టుకుంటారు, పట్టుకోనీండి.

వచ్చే మే నెలలో మళ్ళీ మా అమ్మాయి దగ్గరకి వెళ్దామనుకుంటున్నాను. ఈసారైనా వాన రాకుండా నాలుగువందల చుట్లూ చూడాలని నా కోరిక.