మడిచిన రెక్కలు

ఈ ఉదయం మీతో పడవ పంకా గురించి మాట్లాడాలని ఆశపడుతున్నాను. ఇంజను పడవ వెనుక నీళ్లలో తిరిగే ఆ పంకానే ప్రొపెల్లరు అంటాము. ప్రసంగానికి పంకాకు ఏమి సంబంధం అని మీరు అనుకోవచ్చు. కొంచెం ఓపికతో వినండి. మన ఇండ్లలోను, సంఘాలలోను జరిగే ఒక సంగతి ఈ పంకాలో స్పష్టంగా కనబడుతుంది.

మనం గోదావరి డెల్టా ప్రజలం. పడవ మనకు కొత్త కాదు. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టారు. 1852 నాటికి అది పూర్తయింది. అక్కడినుండి సాగిన కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారి కూడా ఇచ్చాయి. రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో ధాన్యమైనా మనుషులైనా పడవ మీదనే ప్రయాణం. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే గడ వేసేవారు, లేదా గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. చాప ఎత్తిన తరువాత గడను నీళ్లలో ఉంచుతారా? ఉంచరు. పైకి తీసి పడవలో పెట్టుకుంటారు. నీళ్లలో వ్రేలాడే గడ గాలి ఇచ్చే వేగాన్ని తినేస్తుందని పడవవాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు.

ఇంజను వచ్చాక ఈ సంగతి కొంచెం కష్టమైంది. గడను చేత్తో తీసి లోపల పెట్టవచ్చు. పంకా అలా కాదు, అది పడవ అడుగున షాఫ్టుకు బిగించి ఉంటుంది. ఇంజను ఆపి తెరచాప ఎత్తినా, వెడల్పాటి రెక్కలతో అది నీళ్లలోనే నిలబడి ఉంటుంది. పడవను గాలి ముందుకు తోస్తుంటే, ఆగిపోయిన పంకా వెనక్కు పట్టి లాగుతుంది. చిన్న తెరచాప ఓడకు ఈ లాగుడు వలన గంటకు సుమారు ఒక కిలోమీటరు వేగం తగ్గిపోవచ్చు. ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణిస్తే ఇరవై కిలోమీటర్లకు పైగా వెనుకబడినట్లే. పంకా ఏ తప్పూ చేయలేదు. నిన్న పడవను నడిపించింది అదే. కాని ఈ రోజు అది చేస్తున్న పని అడ్డుపడటమే. ఆగిన పంకా ఊరికే ఉన్న పంకా కాదు, ప్రియులారా. ఈ మాట గుర్తుంచుకోండి.

ఓడలు కట్టేవారు ఈ చిక్కును ఎప్పుడో గుర్తించారు. 1860లో ఇంగ్లాండులో వారియర్ అనే ఇనుప యుద్ధనౌకను నీటిలోకి దించారు. దానికి ఆవిరి యంత్రమూ ఉంది, తెరచాపలూ ఉన్నాయి. చాపలు ఎత్తినప్పుడు ఆ టన్నుల కొద్దీ బరువైన పంకాను వందలమంది నావికులు తాళ్లు పట్టి నీళ్లలోనుండి పైకి లాగేవారు. మన తీరంలోనూ పంకాను పైకెత్తే ఉపాయమే పనికివచ్చింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఇంజనీర్లు, ఒడ్డుకు చేరేటప్పుడు షాఫ్టుతో సహా పంకాను పైకి ఎత్తగలిగే పడవలను తయారుచేశారు. పొడవైన షాఫ్టు ఇంజను వాడే మన మత్స్యకార సోదరులు కూడా లోతు తక్కువైన చోట పంకాను నీళ్లలోనుండి ఎత్తేస్తారు. గోదావరి మొగ దగ్గర ఇసుక మేటలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఎత్తవలసిన చోట ఎత్తకపోతే రెక్క ఇసుకకు తగులుతుంది. అలల మధ్య రెక్క విరిగితే పోయేది పంకా ఒక్కటే కాదు, పడవలో ఉన్న ప్రాణాలు కూడా.

తెరచాప ఓడలకు మరొక ఉపాయం ఉంది. అదే ముడుచుకొనే పంకా. దాని రెక్కలు తలుపు బందు వంటి బందుల మీద కదులుతాయి. ఇంజను తిప్పితే ఆ తిరిగే వేగానికి రెక్కలు విచ్చుకుంటాయి. ఇంజను ఆపితే ఎదురు వచ్చే నీరే వాటిని వెనక్కు తోసి, తామర మొగ్గలాగా ముడిచేస్తుంది. ఇందులో ఒక నియమం ఉంది. షాఫ్టు పూర్తిగా ఆగాలి. అది ఇంకా మెల్లగా తిరుగుతూ ఉంటే రెక్కలు సరిగా ముడుచుకోవు. అందుకే సరంగు ఇంజను ఆపి గేరు వేసి, షాఫ్టును కదలకుండా పట్టి ఉంచుతాడు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఇరవై ఏండ్లు సంఘాన్ని నడిపించిన పెద్ద ఒకరు బాధ్యత అప్పగించారు. కుర్చీ దిగారు గాని మనసు దిగలేదు. కమిటీ ఏ నిర్ణయం చేసినా, నా రోజుల్లో ఇలా కాదు అంటారు. కోడలి చేతికి వంటిల్లు ఇచ్చిన అత్తగారు తాళాలు మాత్రం కొంగుకే కట్టుకున్నారు. వీరు చెడ్డవారా? కాదు. ఆ ఇల్లు, ఆ సంఘం ఇంతవరకు వచ్చింది వారి కష్టం వలననే. కాని షాఫ్టు ఇంకా తిరుగుతోంది గనుక రెక్కలు ముడుచుకోలేదు. మంచి గాలి వీస్తున్నా పడవ సాగదు, ఎందుకు సాగదో ఎవరికీ అర్థం కాదు.

మొదటి సమూయేలు గ్రంథంలో సమూయేలును చూడండి. ప్రజలు రాజును కోరినప్పుడు ఆయనకు ఆ మాట నచ్చలేదు. అయినా అధికారం అప్పగించాడు. పన్నెండవ అధ్యాయంలో, నేను ఎవరికైనా అన్యాయం చేశానా అని ప్రజలందరి ఎదుట అడిగాడు. వారికొరకు ప్రార్థించడం మాననని చెప్పాడు. రెక్కలు ముడవడం అంటే ఇదే. తరువాత సౌలు తప్పినప్పుడు ఆయన మౌనంగా ఉండలేదు. దేవుడు బేత్లెహేముకు పొమ్మంటే నూనె కొమ్ము తీసుకొని వెళ్లాడు. ముడిచిన రెక్కలు పిలుపు రాగానే విచ్చుకున్నాయి.

యౌవనులారా, మీకూ ఒక మాట. ముడుచుకున్న పంకా బరువు అనుకొని విప్పి పారేయకండి. గాలి పడిపోయే రోజు వస్తుంది. మొగ దగ్గర ప్రవాహం ఎదురు తిరిగే గడియ వస్తుంది. అప్పుడు ఆ రెక్కలే దిక్కు. గనుక బందులను శుభ్రంగా ఉంచండి. గుల్లలు పట్టి బందు బిగుసుకుంటే ఒక రెక్క విచ్చుకొని రెండవది విచ్చుకోదు, ఓడంతా అదిరిపోతుంది. పెద్దలతో మాట్లాడటం మానేసిన సంఘం పరిస్థితి కూడా అంతే. నెలకొకసారైనా వారి ఇంటికి వెళ్లండి, సలహా అడగండి, ప్రార్థన చేయించుకోండి.

ఈ పంకాకు ఒక లోపం ఉందని కూడా చెప్పాలి. వెనక్కు నడిపేటప్పుడు దానికి బలం తక్కువ. ఓడను చటుక్కున ఆపలేదు. అది తెలిసిన సరంగు రేవుకు దూరంగా ఉండగానే వేగం తగ్గిస్తాడు. మన పెద్దలకూ పాత బలం ఉండదు. కష్టం ముంచుకొచ్చాక పరుగెత్తి వారిని పిలవడం కాదు, ముందుగానే పిలవాలి.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ వారం ఒక్క ప్రశ్న వేసుకోండి. నేను అప్పగించిన పని ఏదైనా ఇంకా నా చేతిలోనే తిరుగుతోందా? తిరుగుతూ ఉంటే, ఎవరికి అప్పగించారో వారి దగ్గరకు వెళ్లి, ఇక ఇది నీదే, నీకొరకు ప్రార్థిస్తాను, పిలిస్తే వస్తాను అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఎన్నో పడవలు కదులుతాయి. ఆగవలసిన వేళ ఆగే కృప, పిలిచిన వేళ లేచే బలం ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.