కంటి పరీక్షకు ముందు అడగవలసిన రెండు ప్రశ్నలు

(చెన్నైలోని తెలుగు నివాసుల నుద్దేశించి వార్డు ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారున్నారు. నిన్న మొన్న పని కోసం వచ్చినవారూ ఉన్నారు. ఎవరికైనా చూపు మసకబారినప్పుడు మనలో అధికులు చేసే పని ఒక్కటే. వీధి మలుపులో "కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం" అన్న బోర్డు చూసి లోపలికి వెళ్ళడం, యంత్రానికి గడ్డం ఆనించడం, చేతికి వచ్చిన చీటీ ప్రకారం అద్దాలు కొనుక్కొని రావడం. అద్దాలు కావలసినవారు అద్దాలు కొనడంలో దోషమేమీ లేదు. అయితే అక్కడ జరిగినది కళ్ళద్దాల కొలత మాత్రమే; అది కంటి ఆరోగ్య పరీక్ష కాదు. ఈ భేదాన్ని గుర్తించనందువల్ల చూపునే పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది. కావున ఈనాడు నా విన్నపం ఒక్కటే: పరీక్ష కుర్చీలో కూర్చోకముందే రెండు ప్రశ్నలు అడగండి. నా కన్ను చూసేది ఎవరు? దీని ఖర్చు భరించేది ఎవరు?

మొదటి ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెబుతాను. నలభై ఏండ్లు దాటిన తరువాత దగ్గరి అక్షరాలు ఆనకపోవడం సహజం. దానిని మన పెద్దలు చత్వారమన్నారు. నలభై అనే అర్థమున్న సంస్కృత పదం నుండి వచ్చిన పేరది. దానికి అద్దాలు చాలును. కాని ఆ వయస్సు దాటినప్పటినుండే నీటికాసుల వ్యాధి ముప్పు కూడ పెరుగుతుంది. చాలామందిలో దానికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటి వెనుక నరం దెబ్బతింటూ, చూపు అంచులనుండి తరిగిపోతుంది. ఎదుటి అక్షరాలు మాత్రం చాలకాలం కనబడుతూనే ఉంటాయి. పోయిన చూపును ఏ చికిత్సా తిరిగి తేలేదు. ఉన్నదానిని మాత్రం కాపాడుతుంది. మధుమేహం వల్ల రెటీనాకు కలిగే హాని కూడ ఇటువంటిదే. ఒక డ్రైవరు ఏడాదికొకసారి అద్దాలు మార్చుకుంటూ, మూడేండ్లపాటు కంటి ఒత్తిడి ఎన్నడూ చూపించుకోలేదనుకోండి. ప్రతిసారీ ఆయన చీటీలోని అంకెలు సరిగానే ఉండవచ్చు. వ్యాధి మాత్రం ముదిరిపోయి ఉండవచ్చు.

ఇక కన్ను చూసేవారెవరు? మూడు తరగతులవారున్నారు. మొదటివారు కళ్ళద్దాల దుకాణదారులు. చీటీలోని పవరు ప్రకారం అద్దాలు అమర్చి, చట్రం సరిచేయడం వారి పని. రెండవవారు ఆప్టోమెట్రిస్టులు. చూపును కొలిచి పవరు నిర్ణయించడం, వ్యాధి లక్షణాలను గుర్తించి వైద్యుని వద్దకు పంపడం వారి విద్య. బి.ఆప్టమ్ అనేది ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్‌తో కూడిన డిగ్రీ. ఆ విద్యకు పేరుపొందిన ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ 1985లో ఈ నగరంలోనే ఆరంభమయింది. మూడవవారు నేత్రవైద్యులు. ఎం.బి.బి.ఎస్. తరువాత ఆప్తల్మాలజీలో ఎం.ఎస్., డి.ఎన్.బి. లేదా డి.ఓ. చదివినవారు. వ్యాధికి చికిత్స, శస్త్రచికిత్స చేయవలసినది వీరే. కొన్ని దుకాణాలలో చక్కగా చదువుకున్న ఆప్టోమెట్రిస్టులు పనిచేస్తున్నారు. కొన్నిటిలో యంత్రం నడపడం నేర్చుకున్న కుర్రవాడు మాత్రమే ఉంటాడు. బోర్డు చూసి ఈ తేడా తెలుసుకోలేము. అడిగితేనే తెలుస్తుంది.

అడగడం మర్యాద కాదేమోనన్న సంకోచం వద్దు. వైద్యుడు తన రాష్ట్ర వైద్య మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ సంఖ్యను క్లినిక్‌లో ప్రదర్శించాలనీ, మందుల చీటీపైనా రసీదుపైనా ముద్రించాలనీ 2002 నాటి వైద్య నీతి నియమావళి విధించింది. ఆ సంఖ్యను తమిళనాడు మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైటులో గాని, నేషనల్ మెడికల్ కమిషన్ నిర్వహించే భారత వైద్య పట్టికలో గాని సరిచూడవచ్చు. వైద్యుడు వేరే రాష్ట్రంలో నమోదై ఉంటే, ఆ రాష్ట్రం పేరుతో వెదకాలి. ఆప్టోమెట్రిస్టుల విషయంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వారి నమోదుకు దారి వేసింది. ఆ వ్యవస్థ దశలవారీగా రూపొందుతున్నది. అందువల్ల ప్రస్తుతానికి వారి డిగ్రీ ఏది, ఏ విశ్వవిద్యాలయం ఇచ్చింది అని చూడడమే సరియైన మార్గం. గోడపై పట్టా లేకపోతే, "మీరు బి.ఆప్టమ్ చదివారా అండి?" అని మృదువుగా అడగండి. చదివినవారు సంతోషంగా చెబుతారు.

పరీక్ష జరిగే తీరు కూడ ఒక సాక్ష్యమే. కంప్యూటరు యంత్రం ఇచ్చే అంకె ఆరంభం మాత్రమే. ఆ తరువాత అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది స్పష్టమా, అది స్పష్టమా" అని మిమ్మల్ని అడిగి నిర్ధారించాలి. రెండు కళ్ళనూ విడివిడిగా చూడాలి. నలభై దాటినవారికి కంటి ఒత్తిడి కొలవాలి. మధుమేహం, రక్తపోటు ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అని విచారించాలి. మధుమేహం ఉన్నవారికి ఏటా ఒకసారి చుక్కలు వేసి, కంటిపాప విప్పారిన తరువాత రెటీనాను చూడాలి. ఆ చుక్కల ప్రభావం కొన్ని గంటలుంటుంది గనుక ఆ రోజు బండి నడపకండి; ఒకరిని తోడు తీసుకువెళ్ళండి. చివరగా, పవరు చీటీ మీ చేతికి ఇవ్వమని అడగండి. పరీక్ష ఒకచోట చేయించుకొని అద్దాలు మరొకచోట కొనుక్కొనే స్వేచ్ఛ మీది.

భాష తెలియదన్న బెరుకుతో చాలామంది దగ్గరి దుకాణంతోనే సరిపెట్టుకుంటారు. తమిళంలో కంటిని కణ్ అంటారు, వైద్యుడు మరుత్తువర్, ఆసుపత్రి మరుత్తువమనై, కళ్ళద్దం కణ్ణాడి. ఈ నాలుగు మాటలతో దారి అడిగి వెళ్ళవచ్చు. ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో నెలకొన్నది. ఆసియాలోని అత్యంత ప్రాచీన నేత్ర వైద్యశాలగా దానికి ఖ్యాతి ఉన్నది. అది ఉన్న వీధి పేరు రుక్మిణీ లక్ష్మీపతి సాలై. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆరోగ్య శాఖను నిర్వహించిన తెలుగు మహిళ పేరది. మన పేటలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగినా, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో చెబుతారు.

ఇక రెండవ ప్రశ్న, ఖర్చు. "మేము అన్ని బీమాలూ తీసుకుంటాము" అన్న మాట విని నమ్మి కూర్చోవద్దు. మీ కార్డు ఏ రకానిదో మీరే ముందు తెలుసుకోవాలి.

నెల జీతం 21,000 రూపాయలు మించని ఉద్యోగులు ఇ.ఎస్.ఐ. పరిధిలోకి రావచ్చు. అటువంటివారు మొదట తమ ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెళ్ళి, అక్కడినుండి సిఫారసు చీటీతో పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయుష్మాన్ భారత్ పథకంలో అర్హత గల కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. 2024 నుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేదు. ఊళ్ళో తీసుకున్న ఆరోగ్య కార్డు ఇక్కడి ప్రతి ఆసుపత్రిలోనూ చెల్లదు. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు చెల్లుతుందో 14555 సంఖ్యకు ఫోను చేసి అడగవచ్చు. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకంలో చేరదలచినవారు కలెక్టరు కార్యాలయంలోని నమోదు కేంద్రంలో విచారించాలి. ఆరు నెలలకు పైగా ఈ రాష్ట్రంలో నివసిస్తున్న వలస కార్మికులు కూడ తగిన ధ్రువపత్రంతో చేరే వీలుందని దాని నిబంధనలు చెబుతున్నవి.

ప్రైవేటు పాలసీ ఉన్నవారు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి: సాధారణ ఆరోగ్య పాలసీలు అద్దాలకు, మామూలు కంటి పరీక్షకు డబ్బివ్వవు, బయటి రోగి సౌకర్యం విడిగా ఉంటేనే ఇస్తాయి. రెండు: 7.5 డయాప్టర్ల కంటె తక్కువ పవరును పోగొట్టే లేజరు చికిత్సకు బీమా వర్తించదు. మూడు: శుక్లాల శస్త్రచికిత్సకు సాధారణంగా పాలసీ తీసుకున్న 24 నెలల వరకు నిరీక్షణ ఉంటుంది, ఉద్యోగ సంస్థ ఇచ్చే సామూహిక పాలసీలలో ఈ షరతు లేకపోవచ్చు. నాలుగు: ఒక్కొక్క కంటికి ఇంతే అన్న పరిమితి ఉండవచ్చు, ఖరీదైన లెన్సు ఎంచుకుంటే మిగిలినది మనమే చెల్లించాలి. శుక్లాలకు రాత్రి బస అవసరం లేదు గనుక, ఆసుపత్రిలో 24 గంటలు ఉండలేదన్న కారణంతో క్లెయిము నిరాకరిస్తే అంగీకరించకండి.

కాబట్టి ఆసుపత్రి బీమా కౌంటరులో ఇలా అడగండి: "ఈ కంపెనీ, ఈ పాలసీ సంఖ్య. క్యాష్‌లెస్ ఉన్నదా? ప్యాకేజీ ఎంత? నా చేతినుండి ఎంత పడుతుంది?" జవాబు కాగితంపై తీసుకోండి. కార్డు వెనుకనున్న కంపెనీ సంఖ్యకు కూడ ఫోను చేసి సరిచూసుకోండి. క్యాష్‌లెస్ దరఖాస్తు అందిన గంటలోగా కంపెనీ నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది.

అన్యాయం జరిగిందనిపిస్తే మొదట కంపెనీకి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చినది సమంజసంగా లేకపోయినా, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. తమిళనాడువారికి కార్యాలయం చెన్నైలోనే ఉన్నది. యానాంలోని బంధువులకు మాత్రం హైదరాబాదు కార్యాలయం. కళ్ళద్దాల కొనుగోలులో మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

ఇంటికి వెళ్ళగానే ఒక సంచిలో పాత పవరు చీటీ, వాడుతున్న మందుల పేర్లు, బీమా కార్డు నకలు సిద్ధపరచండి. ఇంట్లో నలభై దాటినవారు, మధుమేహం ఉన్నవారు ఎవరో లెక్కించండి. వారిలో కంటి ఒత్తిడి, రెటీనా ఎన్నడూ చూపించుకోనివారి పేరు పైన వ్రాసి, ఈ నెలలోనే వారిని తీసుకువెళ్ళండి.