వోల్టా బహుమతి – వినబడని బిడ్డలు
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనిషి మాటను దూరాన ఉన్న మరో మనిషికి చేరవేసే సాధనాల్లో టెలిఫోనుకు వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు. ఇవాళ ప్రతి జేబులోనూ మోగుతున్నది దాని సంతానమే. ఆ టెలిఫోను కనిపెట్టినాయనకు దక్కిన ఒక అంతర్జాతీయ బహుమతి గురించి, ఆ సొమ్ము ఏమైందన్న దాని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. తిరిగి తిరిగి ఇది మన ఇళ్ళలోకే వచ్చే విషయం. కాబట్టి కాస్త ఓపికతో వినవలసిందిగా కోరుతున్నాను.

విద్యుత్ ఘటాన్ని కనిపెట్టిన ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా పేరు మీద 1852 లో ఫ్రాన్సు పాలకుడు మూడవ నెపోలియన్ ఒక బహుమతి పెట్టాడు. విద్యుత్తును మనుషులకు పనికివచ్చేలా చేసినవారు ఏ దేశస్థులైనా సరే, దానికి అర్హులే. మొత్తం 50,000 ఫ్రాంకులు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము. 1880 లో ఆ బహుమతి టెలిఫోనుకు గాను అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు దక్కింది.

ఈ బెల్ ఎవరు? వృత్తిరీత్యా ఇంజనీరు కాదు. చెవిటి పిల్లలకు చదువు చెప్పిన పంతులు. 1847 లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. ఆయన తల్లికి సరిగా వినబడదు. తండ్రి ఉచ్చారణ నేర్పే పండితుడు. ఏ అక్షరం పలికేటప్పుడు నాలుక ఎక్కడ ఉండాలో, పెదవులు ఎలా ఉండాలో బొమ్మల్లాంటి గుర్తులతో చూపే లిపిని తయారుచేశాడు. బెల్ 1871 లో అమెరికాలోని బోస్టన్ నగరానికి వచ్చి, ఆ పద్ధతిలో బధిర బాలలకు పాఠాలు చెప్పాడు. ఆయన పెళ్ళి చేసుకున్న మేబెల్ కూడా చిన్నతనంలో జ్వరం వచ్చి వినికిడి పోగొట్టుకున్నావిడే. మాట అంటే ఏమిటి, అది గాలిలో ఎలా కదులుతుంది అని రాత్రింబవళ్ళు ఆలోచించవలసిన అవసరం ఆయనకు ఇంట్లోనే ఉండింది. ఆ ఆలోచనే టెలిఫోనుకు దారితీసింది.

1876 ఫిబ్రవరి 14 న ఆయన తరఫున పేటెంటు దరఖాస్తు వెళ్ళింది. అదే రోజు ఎలిషా గ్రే అనే మరొక శాస్త్రజ్ఞుడు కూడా అలాంటి సాధనం గురించే కాగితాలు దాఖలు చేశాడు. దీని మీద కోర్టుల్లో ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. చివరకు బెల్ పేటెంటే నిలబడింది. అదే ఏడాది జూన్‌లో ఫిలడెల్ఫియా అంతర్జాతీయ ప్రదర్శనలో బ్రెజిల్ చక్రవర్తి రెండవ పెద్రో ఆ యంత్రాన్ని చెవికి పెట్టుకుని విని ఆశ్చర్యపోయాడు.

ఇక బహుమతి సొమ్ము సంగతి. బెల్ ఆ డబ్బుతో మేడలు కట్టుకోలేదు. వాషింగ్టన్‌లో వోల్టా పేరుతోనే ఒక ప్రయోగశాల పెట్టాడు. ఇద్దరు సహచరులతో కలిసి, మైనం పూసిన గొట్టం మీద ధ్వనిని ముద్రించే గ్రాఫోఫోను యంత్రాన్ని తయారుచేశాడు. దాని పేటెంట్లు అమ్మగా తన వాటాకు వచ్చిన సొమ్మును చెవిటివారికి సంబంధించిన విజ్ఞానం పెంచడానికి, పంచడానికి కేటాయించాడు. 1887 లో వోల్టా బ్యూరో అనే సంస్థ అలా పుట్టింది. 1893 లో దాని భవనానికి మొదటి పార మట్టి తీసింది హెలెన్ కెల్లర్ – చూపూ వినికిడీ రెండూ లేని బాలిక. మన మాటల్లో చెప్పాలంటే ఇది వక్ఫ్ లాంటి పనే. బహుమతి ఒకరికి వచ్చినా ఫలం పదిమందికి అందింది.

అయితే సోదరులారా, మంచివాడు చేసినదంతా మంచే కావాలని లేదు. చెవిటివారు నోటితోనే మాట్లాడాలి, సైగల భాష వద్దు అని బెల్ గట్టిగా వాదించాడు. ఆయనకు బహుమతి వచ్చిన 1880 లోనే ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య అధ్యాపకుల మహాసభ జరిగి, సైగల కంటే నోటి మాటకే ప్రాధాన్యం అని తీర్మానించింది. ఆ తర్వాత ఎన్నో దేశాల బడుల్లో పిల్లలు చేతులు కదిపితే శిక్షించే రోజులు వచ్చాయి. 2010 లో కెనడాలోని వాంకూవర్‌లో ఆ మహాసభ పరంపరలోనిదే మరొక సభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది. 130 ఏళ్ళు! ఎన్ని తరాల పిల్లలు నష్టపోయారో ఆలోచించండి. అవతలివాడికి ఏ రూపంలో అందుతుందో ఆ రూపంలో చెప్పడమే నిజమైన మాట.

ఇక మన సంగతికి వద్దాం. మనలో "మూగ" అని పిలవబడే పిల్లల్లో చాలామందికి గొంతులో ఏ లోపమూ ఉండదు. వినబడక మాట రాలేదంతే. మనమేం చేస్తున్నాం? "వాళ్ళ తాతకు కూడా ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని నాలుగేళ్ళు చూస్తాం. తావీజు కడతాం. దుఆ చేయండి, తప్పకుండా చేయండి. కాని డాక్టరుకు కూడా చూపండి. నెల లోపల వినికిడి పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల చికిత్స మొదలు – వైద్యులు చెప్పే లెక్క ఇది. నిద్రపోతున్న బిడ్డకు కూడా నొప్పి లేకుండా కొద్ది నిమిషాల్లో ఆ పరీక్ష చేయవచ్చు. చెవి మిషనా, ఆపరేషనా, సైగల భాషా అన్నది తర్వాత నిపుణులు చెబుతారు. కాని మాట నేర్చే మొదటి సంవత్సరాలు పోతే మళ్ళీ రావు. దగ్గర సంబంధాల పెళ్ళిళ్ళు ధర్మసమ్మతమే అయినా, పుట్టు చెవుడు ఉన్న వంశాల్లో వాటివల్ల ప్రమాదం పెరుగుతుందని కూడా పెద్దలు గుర్తుంచుకోవాలి.

ఇందుకు దూరం పోనక్కరలేదు. 1983 లో బొంబాయిలో స్థాపించిన జాతీయ వినికిడి సంస్థకు పెట్టిన పేరు మన హైదరాబాదు బిడ్డ, ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ గారిది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సైగల భాషను కూడా గుర్తించింది.

అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) గారి సందర్భంలో అబస సూరా అవతరించిందని మనకందరికీ తెలుసు. ఖురైషు పెద్దల కంటే తెలుసుకోవాలని వచ్చిన ఆ అంధుని పక్షాన దివ్యవాణి దిగింది. తర్వాత ఆయన మదీనాలో అజాన్ పలికారు. లోపమున్న మనిషిని ఇంటి మూల కూర్చోబెట్టడం మన దీన్ నేర్పిన పద్ధతి కాదు.

అందుచేత సొసైటీ వారికి మూడు విన్నపాలు. ఒకటి, ఏటా ఒకసారి పసిపిల్లలకు వినికిడి పరీక్షల శిబిరం పెట్టించండి. రెండు, జకాత్ సొమ్ములో కొంత, అర్హులైన పేద కుటుంబాల పిల్లలకు చెవి మిషన్లకు, వాటి బ్యాటరీలకు, శిక్షణకు పోయివచ్చే ఖర్చులకు ఇవ్వండి. మూడు, జుమా ప్రసంగాన్ని సైగల్లో చెప్పగల యువకులను ఒకరిద్దరిని తయారుచేయండి. మస్జిదులో అందరి పక్కనా కూర్చుని ఒక్క ముక్కా అందకుండా లేచిపోయే సోదరుడు ఏ ఊళ్ళోనైనా ఉండవచ్చు.

తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. బిడ్డకు వినబడదని తెలిస్తే సిగ్గుపడకండి, దాచకండి. ఆడపిల్ల అయితే అసలు దాచకండి. ఆ బిడ్డ కూడా అల్లాహ్ మనకిచ్చిన అమానతే.