ఊళ్లు కట్టుకున్న చరిత్ర
(ఫెర్డినాండ్ యుస్టి స్మారకోపన్యాసం)



ఫెర్డినాండ్ యుస్టి పేరు పాత ఇరాన్ భాషలు చదివేవాళ్లకు తెలుసు. 1895లో ఆయన వెలువరించిన ఇరానీ వ్యక్తినామాల కోశాన్ని పండితులు ఇప్పటికీ తిరగేస్తారు. నేను మాత్రం ఆయన గీసిన బొమ్మల గురించి, ఆ బొమ్మల్లోంచి పుట్టిన గ్రంథం గురించి మాట్లాడాలని వచ్చాను. జర్మనీలోని హెస్సె ప్రాంతపు దుస్తుల మీద ఆ గ్రంథం 1899 నుంచి 1905 దాకా భాగాలుగా వచ్చింది.

యుస్టి 1837లో హెస్సెలోని మార్బుర్గ్‌లో పుట్టారు, 1907లో అక్కడే పోయారు. పాఠం చెప్పిందీ ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే. అన్న కార్ల్ యుస్టి స్పెయిన్ రాజుల చిత్రకారుడు వెలాస్కెథ్ మీద గొప్ప పుస్తకం రాశారు. తమ్ముడు కుంచె పట్టుకుని చుట్టుపక్కల పల్లెలకు వెళ్లారు. రైతుల ఇళ్లు, పనిముట్లు, కట్టూబొట్టూ నీటిరంగుల్లో దించుకున్నారు.

ఆ పల్లెల్లో మనిషిని చూస్తే చాలు, సగం సంగతులు తెలిసిపోయేవి. హెస్సెలోనే ఉన్న ష్వాల్మ్ లోయలో పెళ్లికాని పిల్ల నెత్తిన ఎర్రటి చిన్న కుల్లాయి. కొత్తగా కాపురానికి వచ్చిన ఇల్లాలికి ఆకుపచ్చ. నడివయసుకు ఊదా, ముసలితనానికి నలుపు. ఒకదాని మీద ఒకటిగా లంగాలు. పొలంలో వేసిన అవిసె నారను ఇంట్లోనే వడికి నేసిన తెల్లబట్ట, దాని మీద తెల్లదారంతోనే హృదయాలు, తులిప్ పూలు, పిట్టలు. మార్బుర్గ్ వైపుకొస్తే కాథలిక్కు ఊరి కట్టు వేరు, పక్కనే ఉన్న ప్రొటెస్టెంటు ఊరి కట్టు వేరు. యుస్టి ఈ తేడాలను చెరిపెయ్యలేదు. శాసనంలోని అక్షరాన్ని చూసినంత శ్రద్ధగా రవిక అంచును చూశారు. ఆయనను నేను ఇంతగా గౌరవించేది అందుకే.

1850లో మార్బుర్గ్‌కు రైలు వచ్చింది. 1866లో ఆ ఊరున్న రాజ్యాన్ని ప్రష్యా కలిపేసుకుంది. మిల్లుబట్ట చవకైంది, రసాయన రంగులు వచ్చాయి. ఆయన గీస్తున్నప్పుడే పాతకట్టు ఇళ్లలోంచి జారిపోతోంది.

అయితే ఆ పాతకట్టు అనాదిగా వస్తున్నదని అనుకోకండి. పట్నపు మోజులు ఆలస్యంగా పల్లె చేరి, అక్కడ స్థిరపడి రూపు మార్చుకున్నాయి. జర్మన్ పల్లెల నీలి అద్దకపు బట్టనే చూడండి. మన కోరమండల్ తీరం నుంచి ఓడల్లో వెళ్లిన అద్దకాల మీద మోజుతోనే యూరప్‌లో నూలుబట్టల అద్దకం పెరిగింది. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చేదాకా ఆ నీలంలో చాలాభాగం మన దేశానిదే. ఆ రైతమ్మ నడుముకు చుట్టుకున్న బట్టలో మన రేవుల చరిత్ర కూడా ఉందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాతి తరంలో నాజీలు ఇవే దుస్తులను స్వచ్ఛమైన జాతికి గుర్తులుగా ఊరేగించారు. యుస్టి పుస్తకం తెరిస్తే ఆ మాట నిలవదు. కొన్ని మైళ్లకే మారిపోయే కట్టులో ఒకే జాతి, ఒకే ముద్ర ఎక్కడ? నాజీల వేటు ఆయన ఇంటి మీదా పడింది. కొడుకు లుడ్విగ్ యుస్టి బెర్లిన్ జాతీయ చిత్రశాలకు అధిపతిగా ఉండి ఆధునిక చిత్రాలు సేకరించారు. 1933లో నాజీలు ఆయనను ఆ పదవి నుంచి తొలగించారు.